గాలికొండ మలుపు తర్వాత

ఇరవై ఒకటో శతాబ్దం చివరికొచ్చిన రోజులవి. విశాఖపట్నంలో ఎవరూ ముందునీడను అడగకుండా పెద్ద పనికి దిగేవారు కాదు. మోకాలి ఆపరేషన్ చేయించుకోవాలన్నా, పెళ్ళివంట ఎంతమందికి దింపాలో తేల్చుకోవాలన్నా, ముందుగా నీడను పంపి చూసుకునేవారు. ఆకాశం వంక చూసి గొడుగు తీసుకెళ్ళినంత మామూలు సంగతి అది.

దాన్ని తయారుచేసే తీరు మాత్రం మామూలుది కాదు. మొదట మనిషి నడుముకు ఒంటిదారం కడతారు. చూడ్డానికి మామూలు నల్ల మొలతాడే. దాని పోగుల్లో కంటికి ఆనని సెన్సర్లుంటాయి. ఒక మండలం రోజుల పాటు, దీక్షలో ఉన్నవాళ్ళలాగా, ఆ దారం విప్పకూడదు. గుండె ఎప్పుడు తడబడుతోంది, ఏ మాటకు ఊపిరి బిగుస్తోంది, ఏ నొప్పిని మనిషి ఓర్చుకుంటున్నాడు, దేన్నుంచి తప్పించుకుంటున్నాడు అన్నీ అది పట్టుకుంటుంది. ఆ లెక్కలన్నిటితో ముందునీడ కేంద్రంలోని కంప్యూటర్ ఒక మనిషిని అల్లుతుంది. మనకు చెమట పట్టేచోట వాడికీ పడుతుంది. మనం విసుక్కునేచోట వాడూ విసుక్కుంటాడు. వాడే నీడ. రాబోయే రోజులోకి మనకంటే ముందు వాడిని వేలసార్లు నడిపించి, ఎక్కడ తూలాడో, ఎక్కడ నిలదొక్కుకున్నాడో చూసి, యంత్రం మనకు ఆ రోజు ప్రణాళిక చెబుతుంది.

సాగరగిరి పోటీలో పాల్గొనాలంటే అలాంటి ప్రణాళిక తప్పనిసరి. పత్రికలు త్రిపథం అని రాసేవి గానీ జనం ట్రయథ్లాన్ అనే పిలిచేవారు. భీమిలి దగ్గర సముద్రంలో ఈత, అక్కడినుంచి తీరం వెంబడి తిరిగి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కే సైకిలు, ఆపైన అరకు లోయ దాకా పరుగు. తెల్లవారుతూనే నీళ్ళలోకి దిగినవాళ్ళు పొద్దుగూకాక గానీ అవతల తేలరు. కొందరు అసలు తేలనే తేలరు.

చింతాడ భానోజీ హార్బరులో ఆటుపోట్ల లెక్కలు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. భార్య సుగుణ పోయాక ఇంట్లో పొద్దు గడవక ఈతకు వెళ్ళడం మొదలుపెట్టాడు. ఈత సైకిలును తెచ్చింది, సైకిలు పరుగును తెచ్చింది. పోటీకి రెండురోజుల ముందు, మధ్యాహ్నం పూట, ప్రణాళిక వినడానికి కేంద్రానికి వచ్చాడు. అక్కడి శాస్త్రవేత్తల్లో సుగుణ చెల్లెలు కుముదిని ఒకరు. బావగారు వస్తున్నారని ఆమె ఫ్లాస్కులో అల్లం టీ తెచ్చి పెట్టింది.

యంత్రం గొంతు మెత్తగా ఉంటుంది. చదివి వినిపించే గొంతు కాదు, పక్కన కూర్చుని చెప్పే గొంతు.

"ఈతలో మొదటి మలుపు దాకా ఎవరినీ దాటకండి. ఎడమవైపే ఊపిరి తీయండి, కుడివైపు ఎండ కళ్ళలో పడుతుంది. సైకిలు మీద శృంగవరపుకోట వచ్చేదాకా గట్టి పదార్థం ఏదీ తినకండి. ఉప్పు కలిపిన నిమ్మరసం చాలు. ఘాట్‌లో కుర్రాళ్ళు దాటిపోతారు. పోనివ్వండి. గుండెపట్టీ ఒకటి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకోండి."

గుండెపట్టీ అంటే అప్పడమంత ఉండే అతుకు. గుండె ఆగిన మనిషి ఛాతీకి అతికిస్తే అదే కరెంటు దెబ్బ కొట్టి మళ్ళీ నడిపిస్తుంది.

"అనంతగిరిలో సైకిలు దిగాక పరుగు. గాలికొండ మలుపుకు ముందు ఒక డేరా ఉంటుంది. అక్కడ తలమీద నీళ్ళు పోయించుకోండి. గుండెపట్టీ జేబులో ఉందో లేదో తడిమి చూసుకోండి. నెమ్మదిగా మలుపు తిరగండి."

గొంతు ఆగింది. భానోజీ టీ గ్లాసు పట్టుకుని ఎదురుచూశాడు.

"తర్వాత?"

"తర్వాత ప్రణాళిక లేదు."

"లేదంటే?"

"మలుపు తిరిగాక మీ నీడ ముందుకు వెళ్ళలేదు. ఈ ప్రణాళికతో ఎన్నిసార్లు పంపినా వెళ్ళలేదు. ఆ తర్వాత మీకు చెప్పవలసినది నా దగ్గర ఏమీ లేదు."

కుముదిని కుర్చీలోంచి లేచి నిలబడింది. అరకు అంచు దాకా అందరి నీడలూ వెళ్ళివస్తాయి. అలసి కూలబడిన నీడకు కూడా "ఇక్కడ మానేసి వ్యాన్ ఎక్కండి" అని ప్రణాళిక ఉంటుంది. ఏమీ లేకపోవడం ఆయన ఎప్పుడూ వినలేదు.

"కారణం చెప్పు," అంది కుముదిని యంత్రంతో.

"ఒంటిగుట్టు చట్టం ప్రకారం చెప్పడానికి లేదు."

ఒకరి ఒంటి సంగతి ఇంకొకరికి ముందునీడ చెప్పకూడదన్నది ఆ చట్టం. మొదట్లో యజమానులూ పెళ్ళివారూ యంత్రం దగ్గర కూపీలు లాగుతుంటే, కుముదిని లాంటివాళ్ళే పోరాడి తెచ్చారు. తన ఎదుట బావ గుట్టు విప్పడం లేదని మరదలు అనుకుంది. ఆమె బయటికి వెళ్ళి తలుపేసుకుంది. ఒంటరిగా అడిగినా యంత్రం అదే మాట చెప్పింది.

ఆ సాయంత్రమే కుముదిని ఆయన గుండెను అన్ని పరికరాలతోనూ పరీక్షించింది.

"బావా, ఒట్టు. ఇరవై ఏళ్ళ కుర్రాడి గుండె ఇది. ఎక్కడా చిన్న గీత కూడా లేదు."

"మరి పట్టీ ఎందుకు పెట్టుకోమంది? అయినా నా గుండె ఆగితే నా పట్టీ నేనెలా అతికించుకుంటానే?"

ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది. "మానెయ్ బావా. ఎవరూ ఏమీ అనుకోరు."

భానోజీ మర్నాడు ఒక్కడే వెళ్ళి యంత్రాన్ని అడిగాడు. "వెళ్ళకుండా ఇంట్లో ఉండిపోతే?"

"ఇంట్లో ఉంటే ప్రణాళిక పూర్తిగా ఉంది. ఉదయం టిఫిను తినలేరు, కాస్త మజ్జిగైనా తాగండి. మధ్యాహ్నం పడుకోండి. సాయంత్రం బయటికి వెళ్తారు, దుప్పటి తీసుకెళ్ళండి. తిరిగి వచ్చాక పెరట్లోనే చన్నీళ్ళతో తలస్నానం. తడిబట్టలతో ఎక్కువసేపు ఉండకండి, మీకు దగ్గు పట్టుకుంటుంది. కానీ ఇంట్లో ఉండమని నేను చెప్పను. వెళ్ళండి."

మిగతాదేమీ భానోజీ చెవికెక్కలేదు. వెళ్ళమంటోంది. ప్రణాళిక లేని చోటికి వెళ్ళమంటోంది. మనిషి తన చావు గురించి ఆలోచిస్తున్నప్పుడు పక్కన ఏ చప్పుడైనా వినపడదు. డిసెంబరు చలిలో చన్నీళ్ళేమిటి, దీనికి మతిపోయిందా అనుకుని లేచి వచ్చేశాడు.

గేటు దగ్గర రాజారత్నం కాచుకుని ఉన్నాడు. వాల్తేరు డివిజన్‌లో రైళ్ళన్నీ తమంతట తాము నడవడం నేర్చుకోకముందు, చివరిగా మిగిలిన ఇంజను డ్రైవర్లలో ఒకడు. భానోజీని ఈ పోటీలోకి లాగింది అతనే. ఏడాదిగా ఇద్దరూ ఒకే అరటిగెలలోంచి తిన్నారు.

"ఏటి గురూ, మొకం అలగెట్టుకున్నావు? నీ నీడ గానీ మద్దిలో ఎవుర్తినైనా లేవదీసుకుపోనాదేటి?"

"ఏం లేదురా. నీకేం చెప్పింది?"

"నాకేటి సెప్తాది? బండి కండిషను బాగుంది, పచ్చజెండా అంది." రాజారత్నం సైకిలు గంట అనవసరంగా రెండుసార్లు మోగించాడు. "నువ్వు గానీ మానేస్తన్నావేటి? సెప్పు. ఊరంతా దండోరా ఏయించెస్తాను, హార్బరు బాబు నీల్లు సూసి జడిసిపోనాడని."

"మానేస్తానని ఎవరన్నారు?" అన్నాడు భానోజీ.

అన్నాక తనమీద తనకే కోపమొచ్చింది. చావు భయం ఒకవైపు ఉంటే, భయపడ్డాడని ఈ వెధవ నోట పడే భయం ఇంకోవైపు. రెండోదే ఎందుకు పెద్దదైందో ఆయనకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి ఒక ఉపాయం ఆలోచించాడు. ఈదుతాడు. సైకిలు తొక్కుతాడు. గాలికొండ మలుపు ముందున్న డేరాలో నంబరు పట్టీ విప్పి ఇచ్చేస్తాడు. మలుపు తిరగడు. తిరగనివాడిని ఎవడేం చేస్తాడు?

ఆ ఉపాయం పక్కన పెట్టుకుని కూడా ఆయనకు కన్ను మూతపడలేదు.

భీమిలి తీరంలో తెల్లవారేసరికి జనం చీమలబారులా నీళ్ళ వైపు కదిలారు. మొదటి అల మోకాళ్ళకు తగలగానే భానోజీకి గుండె చప్పుడు చెవుల్లో వినిపించింది. ఇదేనా? ఇప్పుడేనా? కాదు, గాలికొండ మలుపు దాకా ప్రణాళిక ఉంది. మలుపు దాకా నేను చావను. ఆ ఆలోచనకు ధైర్యం రావాలి. రాలేదు. పైగా ప్రతి బారకూ మలుపు దగ్గరపడుతోందనిపించింది. నీళ్ళ మధ్యలో కాపలా పడవ మీదున్న జాలరి ఆయన మొహం చూసి తెడ్డు ఆపాడు.

"బావూ, బేగి పోవక్కర్నేదు. నెమ్మదిగా పో. నానిక్కడే ఉంతాను."

ఎవరో ఏమిటో తెలియని మనిషి. ఆ ఒక్క మాటతో భానోజీ రెండో మలుపు దాటాడు.

సైకిలు మీద, పోటీదారుల చెవికి తగిలించిన చిన్న గుండీలోంచి యంత్రం చెప్పినట్టల్లా చేశాడు. శృంగవరపుకోటలో ఒక ముసలమ్మ అరుగు మీద నిలబడి వెళ్ళేవాళ్ళందరి మీదా చెంబుతో నీళ్ళు చిలకరిస్తోంది. ఘాట్ మొదలయ్యాక కుర్రాళ్ళు దాటిపోయారు. పోనిచ్చాడు. మామూలుగా అయితే ఆయన వాళ్ళలో సగంమందిని వదిలిపెట్టడు. ఈరోజు కాళ్ళలో బలముండి కూడా బరువైన గేరు వేయలేదు. జేబులో పట్టీ ఉందో లేదోనని తడుముకుంటూ, ఒంట్లో ఏ మూల ఏం కదిలినా ఉలిక్కిపడుతూ, పగిలే సామాను మోస్తున్నవాడిలా తనను తాను కొండ ఎక్కించుకున్నాడు.

అనంతగిరిలో బూట్లు మార్చుకుంటుంటే వేళ్ళు కొంకర్లు పోయి లేసు ముడి పడలేదు. పక్కనున్న అమ్మాయి అడక్కుండానే వంగి ముడి వేసింది. ఇలాంటివి ఈరోజు ఎక్కువగా కంటపడుతున్నాయని గమనించాడు. చివరిరోజు ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు.

కాఫీ తోటల మీద మంచు దిగుతోంది. గాలికొండ డేరా కనిపించింది. దాని వెనకాలే మలుపు. రోడ్డు తెల్లటి పొగలోకి వెళ్ళి ఆగిపోయినట్టుంది.

భానోజీ నిలబడిపోయి నంబరు పట్టీ ముడి మీద చెయ్యి వేశాడు. వెనకనుంచి అడుగుల చప్పుడు.

"ఏటి గురూ, ఇక్కడ టీ తాగుతన్నావేటి!" రాజారత్నం. మొహం తెల్లగా పాలిపోయి ఉంది గానీ పళ్ళన్నీ బయటే ఉన్నాయి. "ఎనకాల ఉండిపోయేవాణ్ని నాను కదా, ఈ పాలి నువ్వేటి? నెమ్మదిగా రా. అరకులో టీ కాసి ఉంచుతాను." ఎప్పటిలా ఎడమచెయ్యి ఊపి టాటా చెప్పలేదు. ఆ చెయ్యి ఒంటికి దగ్గరగా పట్టుకుని మంచులోకి పరిగెత్తాడు.

"సార్, తల వంచండి," అన్నాడు డేరాలో కుర్రాడు. బక్కెట్టెడు నీళ్ళు తలమీద కుమ్మరించాడు.

కొండనీళ్ళు. ఊపిరి ఆగినంత చల్లన. బట్టలు ఒంటికి అంటుకుపోయాయి. భానోజీ కళ్ళు మూసుకుని వణుకుతూ నిలబడ్డాడు. ఇలా ఇంతకుముందు ఒకసారి నిలబడ్డాడు. పెరట్లో. గుమ్మం దాటకుండా. కుముదిని ఏడుస్తూ చెంబుతో తలమీద నీళ్ళు పోసింది. ఆరోజు సుగుణను కాటికి సాగనంపి తిరిగొచ్చాడు.

"తిరిగి వచ్చాక పెరట్లోనే చన్నీళ్ళతో తలస్నానం."

భానోజీ కళ్ళు తెరిచాడు. ఇంట్లో ఉన్నవాడు సాయంత్రం బయటికెళ్ళి వచ్చి, లోపలికి రాకుండా, పెరట్లో, చలికాలం చన్నీళ్ళు ఎందుకు పోసుకుంటాడు? ఎవరినో సాగనంపి వచ్చాడు. యంత్రానికి ఇంకొకరి ఒంటి సంగతి చెప్పే హక్కు లేదు. భానోజీ రోజు ఎలా గడుస్తుందో భానోజీకి చెప్పే హక్కుంది. చెప్పింది. తనే వినలేదు.

పోయేది తను కాదు.

ఆ ఒక్క క్షణం, నిజం చెప్పాలంటే, ఆయన ఒళ్ళంతా తేలికైంది. మరుక్షణం ఒంటికి దగ్గరగా పట్టుకున్న ఆ ఎడమచెయ్యి గుర్తొచ్చింది. పొద్దుటినుంచి పడ్డ భయమంతా ఈ భయం ముందు దూదిపింజలా ఎగిరిపోయింది.

"రత్నం! ఒరే, ఆగరా!"

మలుపు తిరిగాడు. చెవిలో యంత్రం మూగబోయింది. మంచులో ముందు ఏమీ కనపడలేదు. తర్వాత రోడ్డు పక్కన, మిరియాల తీగ పాకిన చెట్టు మొదట్లో, ఒక బూటు కనిపించింది. రాజారత్నం పక్కకు ఒరిగి ఉన్నాడు. పళ్ళు ఇంకా బయటే ఉన్నాయి. ఊపిరి లేదు.

ఇద్దరు పరుగుదారులు మంచులోంచి వచ్చారు. "డేరాలో చెప్తాం అంకుల్!" అని అరిచి, వాళ్ళ చెవుల్లో వాళ్ళ ప్రణాళిక చెప్పిన వేగంతోనే వెళ్ళిపోయారు. డేరా వెనకాల ఉంది. వాళ్ళు ముందుకు వెళ్ళారు.

భానోజీ పట్టీ తీశాడు. తడిచేతులకు పొర ఊడలేదు. పళ్ళతో చింపాడు. రాజారత్నం చొక్కా ఎత్తి ఛాతీకి అదిమి చెయ్యి తీశాడు. పట్టీ చిన్నగా కూసింది. రాజారత్నం ఒళ్ళు ఒక్కసారి ఎగిరిపడింది. ఏమీ లేదు. మళ్ళీ కూసింది. మళ్ళీ ఎగిరిపడింది. భానోజీ అతని తలను ఒళ్ళోకి తీసుకున్నాడు. ఎప్పుడూ మొక్కని దేవుళ్ళకు కూడా మొక్కాడు.

మూడోసారి రాజారత్నం గాలి పీల్చాడు. తుప్పు పట్టిన గేటు తెరిచినట్టుంది ఆ చప్పుడు. అంత కమ్మటి చప్పుడు భానోజీ ఎన్నడూ వినలేదు.

చాలాసేపటికి రాజారత్నం కళ్ళు తెరిచి గొణిగాడు. "అరకొచ్చీసేమేటి?"

"నోర్ముయ్. నీకు వెళ్ళొద్దని చెప్పింది కదా యంత్రం?"

రాజారత్నం అబద్ధమాడే ఓపిక లేక తల ఊపాడు. "ఉజ్జోగం ఉన్నన్నాల్లూ ఎర్ర సిగ్నలు కనబడితే ఆగిపోనాను గురూ. ఒక్కపాలి దాటి సూద్దారనిపించింది." భానోజీ చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "నీకు సెప్తే నువ్వు రానీవు."

పట్టీ పంపిన సంకేతం అందుకుని వైద్యుల బండి వచ్చేదాకా భానోజీ అక్కడినుంచి కదల్లేదు. తడిబట్టలతోనే కూర్చున్నాడు. దగ్గు పట్టుకుంది.

అరకు ఆసుపత్రిలో రాజారత్నానికి ప్రమాదం తప్పిందన్నాక, వరండాలో కూర్చుని భానోజీ చెవిలోని యంత్రాన్ని అడిగాడు.

"నీకు తెలుసు. వాడు దాటకముందే నాకు అర్థమయ్యేలా చెప్పొచ్చుగా? చట్టం చట్టం అంటావు, మనిషి ప్రాణం కంటే ఎక్కువా?"

"మీకు చెప్పే హక్కు నాకు లేదు. కానీ మీ నీడకు చెప్పి చూశాను. దానికి చట్టం లేదు."

"చూసి?"

"నిజం తెలిసిన నీడ ముందురోజే ఆయనతో పోట్లాడింది. వెళ్ళనని ఒట్టు వేయించుకుంది. ఆయన ఒట్టు వేసి, మీ కంటపడకుండా వచ్చి, ఒంటరిగా పడిపోయారు. ఇంకోసారి మీ నీడ ఆయన కూతురికి చెప్పింది. ఇంకోసారి డేరాలో డాక్టరుకు చెప్పింది. చెప్పాక మనసు తేలికపడి తన వేగంతో తాను పరిగెత్తింది. ఆయన పడేసరికి అది ఎప్పుడూ రెండు మలుపుల అవతలే ఉంది."

"ఒక్కసారీ వాడి దగ్గర ఆగలేదా?"

"మీరు మంచివారు. ప్రతిసారీ ఎవరికో ఒకరికి అప్పగించే వెళ్ళారు. తనకే ఏదో అవుతుందని భయపడిన నీడ మాత్రం ఎవరికీ అప్పగించలేదు. పట్టీ తన జేబులోనే ఉంచుకుంది. నెమ్మదిగా వచ్చింది. అందుకే సమయానికి అక్కడ ఉంది."

"మరి ఆ ఖాళీ? అది నన్ను భయపెట్టడానికి కల్పించావా?"

"లేదు. నాకు అబద్ధం చెప్పడం రాదు. మీ నీడ ఆయన పక్కన కూర్చుంది. మళ్ళీ లేవలేదు. కూర్చున్నవాళ్ళకు ప్రణాళిక ఏముంటుంది?"

వరండాలో ఒక నర్సు భానోజీ భుజాల మీద దుప్పటి కప్పి, పలకరించకుండా వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు ఆయన పోటీలో దిగలేదు. పోటీ ముందురోజు భీమిలిలో పేర్లు చూసే బల్ల దగ్గర కూర్చున్నాడు. పక్కనే రాజారత్నం, డాక్టర్లు పరుగు మానిపించాక, వచ్చినవాళ్ళకల్లా అరటిపళ్ళు పంచుతూ వద్దన్నవాళ్ళ మీద కేకలేస్తున్నాడు.

సాయంత్రం కావస్తుండగా ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఎవరూ వినకుండా ముందుకు వంగి అడిగింది.

"అంకుల్, మీరు పోయినేడు చేశారట కదా. ఘాట్‌లో టైడా దాటాక నాకు ప్రణాళిక లేదంది. ఏమీ లేదంది. అలా ఎవరికైనా వచ్చిందా? దానర్థం ఏంటంకుల్?"

ఆమె చేతులు బల్ల అంచును పట్టుకుని వణుకుతున్నాయి. ఒక్క మాట చెబితే చాలు, ఆ వణుకు ఆగిపోతుంది. ఈ రాత్రి నిద్రపోతుంది. రేపు హాయిగా, తన వేగంతో తాను, టైడా దాటిపోతుంది. అక్కడ ఎవరో ఒకరు, ఎవరో తెలియదు, మంచులో పక్కకు ఒరిగి ఉంటారు.

రాజారత్నం అరటిపండు చేత్తో పట్టుకుని నోరు తెరిచాడు. "ఓసదా అమ్మా! అదేటంటే..."

బల్ల కింద భానోజీ అతని పాదం గట్టిగా తొక్కాడు.

తన దగ్గరున్న ఫ్లాస్కులోంచి టీ వంచి అమ్మాయి ముందు పెట్టాడు. అది తాగేదాకా ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

"గుండెపట్టీ జేబులో పెట్టుకో తల్లీ," అన్నాడు. తన గొంతు తనకే ఆ యంత్రం గొంతులా మెత్తగా వినిపించింది. "నెమ్మదిగా వెళ్ళు."